ఒరెస్తయ్య అయస్కాంతం

ఒరెస్తయ్యకి ఉన్న రోగం ఒక్కటే, అనుమానం. మిగతా ఒళ్లంతా ఎనభై నాలుగేళ్లకీ ఇనుపముక్కే. మంచినీళ్లు ఎవరిచ్చినా "ముందు నువ్వు తాగు" అనేవాడు. చర్చిలో ఫాదర్‌ని కూడా అలాగే అన్నాడని వీధిలో చెప్పుకునేవాళ్లు.

అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో మా అమ్మాయి ఉష ఇంటికి పక్కిల్లు ఆయనది. అసలు పేరు ఒరెస్తే. పెద్దాయన్ని ఉత్త పేరుతో ఏం పిలుస్తామని 'అయ్య' నేనే తగిలించాను. ఒకప్పుడు ఇటలీలో సైకిల్ పందేల చాంపియన్. ఆయన హాల్లో ఫొటో ఉండేది: మొహం నిండా బురద, ఒంటికి అడ్డంగా జంధ్యాల్లా రెండు స్పేరు టైర్లు. రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో కొండలెక్కి మూడేళ్లు వరసగా గెలిచాడట. నాలుగో ఏడు అందరికంటే ముందు కొండ దిగుతుంటే, దారిలో ఎవడో మేకులు చల్లాడు. రెండు జంధ్యాలు, మూడు మేకులు! ఉత్త చక్రంతో గడగడలాడుతూ చేరేసరికి పదకొండోవాడయ్యాడు. తర్వాత అమెరికా వచ్చి సైకిళ్లు బాగుచేసుకుంటూ బతికాడు గాని, మనుషుల్ని నమ్మడం ఆ కొండమీదే వదిలేసి వచ్చాడు.

అది పంతొమ్మిది వందల ఎనభై ఒకటి, ఎండాకాలం. ఉషకి ఏడో నెల. అంతకుముందు ఒకసారి కడుపు పోయింది, అందుకని డాక్టరమ్మ మంచం దిగొద్దంది. నేను వెంకన్నకి మొక్కుకున్నాను: పురుడొచ్చేదాకా రోజూ తెల్లవారగానే మా ఇళ్ల వరస చుట్టూ చెప్పుల్లేకుండా పదకొండు చుట్లు. ఒక్కరోజు తప్పినా మొక్కు చెల్లదు.

"అమ్మా, షూస్ వేసుకో. వెనక వీధిలో కొత్త ఇళ్లు కడుతున్నారు."

"దేవుడికి బూట్లేసుకుని మొక్కుతారుటే?"

మొదటిరోజే చూశాను. నాకంటే ముందు ఈయన అరచేతంత నల్ల దిమ్మని తాడుకి కట్టి, కుక్కని తిప్పుతున్నట్టు రోడ్డుమీద లాక్కెళ్తున్నాడు. వంగుతాడు, ఏదో తీస్తాడు, జేబులో వేస్తాడు. కడుపుతో ఉన్న పిల్ల ఇంటిముందు పొద్దున్నే ఈ పనులేమిటి? ఇంటికొచ్చి ఉషకి ఎండుమిరపకాయలతో దిష్టి తీశాను. ఆ పొగకి స్మోక్ అలారం మోగి వీధంతా లేచింది.

"అది మ్యాగ్నెట్ అమ్మా. మేకులు ఏరుకుంటాడు. పాత పిచ్చి."

"సైకిలెక్కడం మానేసినవాడికి మేకులెందుకే?"



ఆయనకీ నామీద అనుమానమే. నేను చుట్లు వేళ్లమీద లెక్కపెడుతుంటే మూడోరోజు అడ్డం నిలబడ్డాడు. మా ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి చాలదు.

"సిన్యోరా! వాట్ కౌంటింగ్?"

"రౌండ్స్. యూ వాట్ పుల్లింగ్?"

"హూ సెండ్ యూ?"

"గాడ్."

"విచ్ టీమ్?"

ఆ సాయంత్రం ఉష ఆయనకి ఫోన్ చేసి నా మొక్కు సంగతంతా విడమరిచి చెప్పింది. విన్నాడు, ఊఁ అన్నాడు, పెట్టేశాడు. మర్నాటినుంచి ఇంకా ముందే లేచి లాగడం మొదలెట్టాడు. నేను నడిచే దారిలో రెండేసిసార్లు! నేనూ ఊరుకోలేదు, మిరపకాయలు రెట్టింపు చేశాను.

నలభై రెండోరోజు ఆయన రాలేదు. పీడా పోయిందనుకుని బయల్దేరాను. వెనక వీధి మలుపులో కాలు వేయబోయి ఆగాను. బొటనవేలికి అంగుళం దూరంలో మేకు, మొన పైకి. ఇంకో నాలుగడుగులకి ఇంకోటి. చుట్టు పూర్తయ్యేసరికి ఏడు. నలభై ఒక్క రోజుల్లో ఒక్కటీ కనపడలేదు నాకు! మిగతా చుట్లు కళ్లు నేలకి అంటించుకుని ముగించి, గ్లాసెడు మజ్జిగ పట్టుకుని ఆయన తలుపు తట్టాను.

నడుం పట్టేసి సోఫాలో పడున్నాడు. బల్లమీద రెండు డబ్బాలు, నిండా మేకులు. ఒకటి తుప్పు పట్టింది, ఒకటి కొత్తది.

"ఓల్డ్, మైన్," అన్నాడు. "న్యూ, యువర్స్."

"నాకెందుకయ్యా ఇంత చాకిరీ?" అని తెలుగులోనే అడిగాను.

ఫొటోలో టైర్లు చూపించాడు. తర్వాత నా పాదం చూపించాడు. "టైర్, స్పేర్ ఈజ్. ఫుట్, నో స్పేర్."

  మజ్జిగ ఇస్తే గ్లాసు వంక అనుమానంగా చూసి, "ముందు నువ్వు" అని సైగ చేశాడు. ఎంగిలి చేసి ఇస్తానా? గ్లాసు పైకెత్తి, పెదవి తగలకుండా ధారగా గొంతులో పోసుకున్నాను. ఆయన కళ్లు మెరిశాయి. పందెంలో వాళ్లూ అలాగే తాగేవాళ్లట! తనూ అలాగే పోసుకోబోయి చొక్కా అంతా తడిపేసుకున్నాడు.

ఆయన నడుం సర్దుకునేదాకా వారంరోజులు తాడు నేనే లాగాను. కిటికీలోంచి "లెఫ్ట్, సిన్యోరా, లెఫ్ట్!" అని ఒకటే కేకలు. అటు పోయేవాళ్లంతా నన్ను అనుమానంగా చూసేవాళ్లు.

నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. బారసాలకి ఒరెస్తయ్య కోటేసుకుని వచ్చాడు. బిడ్డ మొహం చూడకముందే జేబులోంచి అయస్కాంతం తీసి, ఉయ్యాల కిందంతా ఒకసారి లాగాడు. వచ్చినవాళ్లు నవ్వారు. ఉష కూడా నవ్వింది.

నేను మాత్రం, "ఆ మూల వదిలేశావయ్యా, అక్కడ కూడా లాగు," అన్నాను.