రత్నమ్మ కంప్యూటర్‌కు నేను బిగించిన మెమరీ

ఇరవై ఏళ్లుగా ఒక మాటను గొంతు దాటనివ్వకుండా బతుకుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ల ఎదురుగా కూర్చుని టీ తాగి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. హిందూపురంలో నాది కంప్యూటర్లు బిగించే, బాగుచేసే చిన్న అంగడి. ధర్మవరం నుంచి రత్నమ్మ వచ్చింది. పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే మనిషి. చనిపోయిన వాళ్ల నాయన గ్రాఫు కాగితాల మీద గీసిన డిజైన్లకు చెదలు పడితే, రెండేళ్లు కూర్చుని ఒక్కొక్క గడినీ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. చెదలు తిన్న కాగితాలు పారేసింది. ఇప్పుడు మిషన్ నిదానమైంది, మెమరీ, అదే ర్యామ్, పెంచాలి.

ఆమె కంప్యూటర్‌లో మదర్‌బోర్డు పాతది. దానికి పట్టే పాతరకం మెమరీ బెంగళూరు నుంచి తెప్పించాలి. కొత్తరకం కన్నా దానికే ధర ఎక్కువ. నా దగ్గర ఒకటి పడి ఉంది, పెనుకొండలో టైపింగ్ నేర్పేవాళ్లు మిషన్ ఊరికే ఆగిపోతోందని వాపసు ఇచ్చినది. పరీక్ష పెట్టి చూస్తే తెర మీద వరసగా ఎర్రగీతలు. చెడిపోయిందని నాకు తెలుసు. తెలిసే, రబ్బరుతో రుద్ది మెరిసేలా చేశాను.

"ఇది మా బోర్డుకు సరిపోతాదా అన్నా? నాకేం తెల్దు. నువ్వు ఎట్ల చెప్తే అట్ల."

"సరిపోతాది మా. తక్కువలో దొరికింది, నీ అదృష్టం."

అబద్ధమేముంది, స్లాటులో సరిగ్గా కూర్చుందిగా? ఈ సాకు ఎన్నేళ్లు చెప్పుకున్నానో.

మూడు నెలలకు ఫోను చేసి రమ్మంది. వెళ్లి ఒక డిజైను తెరిచాను. సగం అంచు, మిగతా అంతా చెదిరిన చుక్కలు. ఇంకొకటి తెరిచాను. అదీ అంతే. మూడోది తెరుచుకోనే లేదు. ఆమె ఒక్కొక్కటీ తీసి, రంగులు సరిదిద్ది, మళ్లీ సేవ్ చేసిందట. చేసిన ప్రతిసారీ ఆ మెమరీ లోపల్లోపల చెరిపేసింది. మహా అయితే మిషన్ ఆగుతుంది, తీసుకొస్తుంది, అప్పుడు మారుద్దాంలే అనుకున్నాను. ఇట్లా చప్పుడు లేకుండా మింగేస్తుందని ఒక్క క్షణమైనా అనుకోలేదు.

"ఏమైండాదన్నా?"

బల్ల మీద పాటల సీడీ కనిపించింది.

"ఇది ఎవరు తెచ్చినారు?"

మగ్గం గుంతలో నుంచి ఆమె మొగుడు నాగరాజు లేచి వచ్చాడు. "నేనే తెచ్చినానబ్బా."

"దీంట్లోంచే వైరస్ వచ్చింది."

ఎవరన్నారీ మాట? నేనే. నా నోరే. విని నేనే అదిరిపోయాను. అయినా వెనక్కి తీసుకోలేదు.

రత్నమ్మ ఏడవలేదు. మొగుడి వైపు చూసింది. "మా నాయన గీసిందంతా పోగొడితివి గదా." అంతే అంది. చెంపదెబ్బ తిన్నవాడిలా ఆయన నిలబడిపోయాడు.

వారానికి బెంగళూరు నుంచి మంచి మెమరీ తెప్పించి, డబ్బులు తీసుకోకుండా బిగించి, చెడ్డది జేబులో వేసుకున్నాను. "దుడ్లు కూడా తీసుకోల్యా, దేవుని మాదిరి మనిషి" అంటూ ఆమె టీ ఇచ్చింది. తాగాను.

గుర్తున్నవి ఆమె మళ్లీ గీసుకుంది. చాలావరకు గుర్తు రాలేదు. పోయినేడాది పెనుకొండ బస్టాండులో నాగరాజు కనిపించాడు. తల నెరిసింది. "ఈ పొద్దుకూ ఆ మిషన్ ఉండే రూములోకి పోనబ్బా. మళ్లా ఏం చెడగొడ్తానో అని బయం" అని నవ్వాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు, మేమిద్దరమే ఉన్నాం. బస్సు రావడానికి ఇంకా టైముంది. చెప్పలేదు.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. కానీ ఈ ఒక్క ముక్క నా చేత్తో రాయాలి. ఆ సీడీలో వైరస్ లేదు. నాగరాజు ఏ తప్పూ చేయలేదు. చెడిందని తెలిసీ ఆ మెమరీ బిగించింది నేను.

రాశాను. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.