అలియాబాద్ పోర్టు

ఇవాళ పొద్దున కొంపల్లి ఆఫీసులో పక్క సీటాయన, "మేడ్చల్ గోదాము పోర్టు డౌన్ అని చూపిస్తోంది మేడమ్, కేబుల్ చూడ్డానికి మనిషిని పంపుదామా?" అన్నాడు. నేను ఆయన కీబోర్డు నా వైపు లాక్కుని, స్క్రీన్ మీద ఉన్నదంతా రెండుసార్లు చదివాను. కేబులే పోయింది. అయినా మనిషిని పంపమని చెప్పే ముందు మూడోసారి కూడా చదివాను.

నాకీ పని నేర్పింది మా చిన్నాయన, మా నాయిన ఆఖరి తమ్ముడు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల గోదాముల్లో కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుళ్లు, అవి వచ్చి కలిసే స్విచ్ పెట్టెలు చూసేవాడు. కేబుల్ కొనలకు వేసే క్లిప్పులు అన్నం డబ్బా సంచిలోనే పెట్టుకునేవాడు గనుక, ఆయన బిగించిన ప్రతి కనెక్షనూ కొన్నాళ్లు మామిడికాయ తొక్కు వాసన వేసేది. నేను తొందరపడి కేబుల్ పీకబోతే ఆపి, "ఆగు బిడ్డా, ముందుగాల స్క్రీన్ మీద రాసింది సాంతం సదువు. అదే పడిపోయిందా, మనమే బంద్ పెట్టినమా అండ్లనే ఉంటది," అనేవాడు.

ఒక వానాకాలం ఉదయం ఏవో మార్పులు చేస్తూ అలియాబాద్ గోదాముకు వెళ్లే కేబుల్‌ను తగిలించిన పోర్టును ఆఫీసు నుంచే ఒక కమాండ్‌తో మూశాను. మళ్లీ తెరవడం మరిచిపోయాను. మధ్యాహ్నం అక్కడ కంప్యూటర్లు పనిచేయడం లేదని ఫోనొచ్చింది. చూస్తే డౌన్ అని ఉంది. దాని ముందు, మనమే ఆపామని తెలిపే మాట కూడా ఉంది. అది చదవలేదు. చిన్నాయనకు ఫోన్ చేసి కేబుల్ తెగినట్టుందని చెప్పాను. అన్నం ముందు కూర్చున్న మనిషి లేచి, ఆ వానలోనే బండి మీద వెళ్లాడు. గంటసేపు వెతికి ఫోన్ చేశాడు.

"కేబుల్ మంచిగనే ఉంది బిడ్డా. నీ దిక్కు ఒక్కసారి సూడు."

చూశాను. తెరవడానికి క్షణం పట్టింది. తప్పు నాదని చెప్పడానికి సిగ్గేసి, "వచ్చింది చిన్నాయనా," అని మాత్రం అన్నాను. సరే, ఇగ వస్తున్న అన్నాడు. తిరిగొస్తుంటే శామీర్‌పేట దగ్గర లారీ గుద్దింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

చిన్నమ్మకు ఈ సంగతి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. చేటలో బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి ఆగింది. తిట్టినా బాగుండేది.

"గంటసేపు సూసినోనికి ఎరుక లేకుంటదా? నువ్వు సిన్నబోతవని అడగలే," అంది.

నేనూ చేట పక్కన కూర్చుని ఆమెతో పాటు బియ్యం ఏరాను.

పోయేనాటికి ఆయనకు నలభై రెండేళ్లు. వచ్చే నెలతో నేను మా చిన్నాయన కంటే పెద్దదాన్నవుతాను. ఇక మీదట నేను బతికే ప్రతి ఏడూ ఆయనకు అందని ఏడే.