ప్రాక్సీ బయటపెట్టిన పాస్‌వర్డ్

కరీంనగర్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన కొత్త. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. మా ఆఫీసులో ఇంటర్నెట్ ప్రాక్సీ సర్వర్ అనే కాపలా కంప్యూటర్‌ను దాటుకునే రావాలి. అందుకని నా ప్రోగ్రామింగ్ టూల్ సెట్టింగుల్లో ప్రాక్సీ చిరునామాతో పాటు నా పాస్‌వర్డ్ కూడా రాశాను. అయినా ఏదీ డౌన్‌లోడ్ కావట్లేదని మీటింగులో చెప్పాను.

"ఏదమ్మా, జర అందరికీ చూపియ్యి" అంటూ మేనేజర్ సురేందర్ సార్ నా స్క్రీన్‌ను మీటింగ్ హాల్లో పెద్ద తెర మీద పెట్టించారు. నేను మళ్లీ ప్రయత్నించగానే ఎర్రర్ వచ్చింది. అందులో నా పాస్‌వర్డ్ ఇంగ్లీషు అక్షరాల్లో స్పష్టంగా కనిపించింది. సార్ దాన్ని కూడబలుక్కుని పైకే చదివారు.

"సురేందర్... సార్‌కు... తిక్క."

ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"తప్పయింది సార్" అన్నాను.

"తప్పే మరి! పాస్‌వర్డంటే ఎవ్వలకు ఎరుక లేనిది పెట్టాలె. గిది ఆఫీసుల అందరికీ ఎరుకే గదా!" అన్నారు సార్.

హాలంతా పగలబడి నవ్వింది. తర్వాత ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఇప్పుడు నా పాస్‌వర్డ్‌లలో అక్షరాలు, అంకెలు ఉంటాయి గానీ అభిప్రాయాలు ఉండవు.

– మౌనిక, నస్పూర్