బస్వమ్మ పట్టిన పందెం

జహీరాబాద్ బస్టాండుకు ఎదురుగా, బొంబాయి రోడ్డు మీద బస్వమ్మ హోటలుండేది. హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, నాలుగు బెంచీలు, ఒక మట్టి పొయ్యి, అంతే. బస్వమ్మ సగం మందితో తెలుగులో, సగం మందితో కన్నడంలో మాట్లాడుతూ, ఎవరి టీలో చక్కెర ఎక్కువ కావాలో అడక్కుండానే వేసేది. మొగుడు పోయాక దాన్ని ఒంటిచేత్తో నడిపింది. చదువు రాదు, సంతకం చేయమంటే వేలిముద్ర వేసేది. అయినా తాలూకాలో పెద్ద పెద్ద రైతులు తమ ఎడ్లనూ బర్రెలనూ ఆమె మాట మీద వదిలేసేవారు. ఎందుకంటే ఆ ఊళ్లో పందేలు పట్టేది బస్వమ్మే.

పందెం కాయడం వేరు, పట్టడం వేరు. కాసేవాళ్లిద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకముండదు. ఓడినవాడు రేపు మాట మార్చకుండా ఇద్దరి వస్తువులూ మూడో మనిషి చేతిలో పెట్టాలి. ఎద్దును తెచ్చి హోటల్లో కట్టెయ్యలేరు కదా, అందుకని దాని మెడలోని గంట తెచ్చిస్తారు. సైకిలైతే తాళంచెవి. గెలిచినవాడు ఆ గుర్తు చూపించగానే ఓడినవాడు నోరెత్తకుండా వస్తువు అప్పగించాలి.

బస్వమ్మకు ఈ పని ఎలా అంటుకుందంటే, డెబ్బై రెండులో జాతర కుస్తీల మీద ఇద్దరు రైతులు ఎడ్లు కాసి, ఇంకెవరూ కనబడక గంటలు ఆమె చేతిలో పెట్టారు. ఓడినవాడి అన్నదమ్ములు నలుగురు కట్టెలు పట్టుకొచ్చి గంట ఇచ్చెయ్యమన్నారు. బస్వమ్మ టీ కలుపుతూనే, "గంట గెలిచినోనిది. మీకు టీ పొయ్యాల్నా?" అంది. నలుగురూ టీ తాగి పోయారు. పైసలు కూడా ఇచ్చారు.

అప్పటినుంచి ఆమెకు కొన్ని నియమాలు. ఎవరు గెలుస్తారో తను నోటితో చెప్పకూడదు. హోటల్లో ఒకరి దగ్గర విన్నది ఇంకొకరికి చేరవేయకూడదు. పందెం తెచ్చినవాళ్లకు వద్దు, మానుకో అని సలహా ఇవ్వకూడదు. పట్టినందుకు కూలేమీ లేదు. ఇద్దరూ చెరొక టీ తాగి, ఎవరి పైసలు వాళ్లివ్వాలి.

మా జహీరాబాద్ మగవాళ్లకు తొలివాన మీదా పందెమే, బొంబాయి బస్సు ఆలస్యం మీదా పందెమే. కానీ పార్టీ పదవుల పోటీ వచ్చిందంటే మాత్రం ఒక్కొక్కరికి జ్వరం పట్టుకునేది. డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో తాలూకా పార్టీ అధ్యక్ష పదవికి వీరప్ప పటేలు ఒకవైపు, వకీలు కాశీనాథ్ ఇంకోవైపు నిలబడ్డారు. ఊరూరా మనుషులు పటేలు వెంటే. వకీలుకు పొరుగింటివాళ్లు తప్ప దిక్కులేదని అందరూ నవ్వుకున్నారు. తేల్చడానికి హైదరాబాద్ నుంచి పార్టీ పరిశీలకుడొకాయన అంబాసిడర్ కారులో దిగాడు.

మరునాడు పొద్దున్నే ఆ కారు డ్రైవరు ఈరయ్య టీకి వచ్చాడు. హోటల్లో ఇంకెవరూ లేరు.

"ఈ లొల్లంత ఎందుకమ్మా? పేరు హైదరాబాద్‌లనే టైపైంది. కాయితం మా సారు సంచిల ఉన్నది. వకీలే. ఎల్లుండి మీటింగుల చదువుడే బాకీ."

బస్వమ్మకు ఒళ్లు మండింది. వీడినెవడు చెప్పమన్నాడు? పందెం పట్టేవాళ్లకు ఇలాంటివి తెలియకపోవడమే మంచిది. "టీ తాగి పో బిడ్డా," అని మాత్రం అంది.

రెండు గంటలు గడిచాయో లేదో, పందెం కాయడానికి మల్లప్ప వచ్చాడు. మల్లప్ప ఆమె సొంత తమ్ముడు. రాయికోడ్ దిక్కు ఒక పల్లెలో మూడెకరాలు చేసుకునేవాడు. కొంగు పట్టుకుని తిరిగిన రోజుల నుంచీ ఆమె సాకినవాడు. వెంట సైకిల్ షాపు రామ్‌కిషన్ ఉన్నాడు. రామ్‌కిషన్‌ది వకీలు పక్కిల్లు. ఏమీ తెలియకపోయినా స్నేహం కొద్దీ వకీలు మీద తన పాడిబర్రెను కాశాడు. పలుపుతాడు ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మల్లప్ప రుమాలు విప్పి ఒక అల్లం కొమ్ము తీశాడు.

"పన్నెండు సంచుల విత్తనపు అల్లం, అక్కా. పటేలు మీద."

ఎకరానికి సరిపడా విత్తనం. ఇంకో పది రోజుల్లో మడిలో పెట్టాల్సింది. అది పోతే ఆ ఏడు మల్లప్ప చేతికి పైసలొచ్చే పంటే లేదు. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. బస్వమ్మ గొంతు దాకా మాట వచ్చింది. వద్దురా అంటే చాలు. పోనీ, సొంత తమ్ముడి పందెం పట్టనని తప్పుకోవచ్చు. కానీ ఏడేళ్లలో ఏ పందేన్నీ వద్దనలేదు. పరిశీలకుడి డ్రైవరు పొద్దున తన పొయ్యి దగ్గర కూర్చోవడం బస్టాండంతా చూసింది. ఇప్పుడు తను వద్దంటే అసలు సంగతి ఊరందరికీ అర్థమైపోతుంది. ఏమీ తెలియక తన చేతిలో గుర్తులు పెట్టిపోయిన మిగతావాళ్లు ఏమైపోవాలి?

"ఏందక్కా, పడ్తవా లేదా?" అన్నాడు మల్లప్ప.

"పడ్త," అని అల్లం కొమ్మూ తాడు ముక్కా రెండూ తీసుకుంది. ఆ రోజు ఇంకెవరి టీలోనూ చక్కెర సరిగ్గా పడలేదు.

మీటింగులో కాగితం చదివారు. వకీలే అధ్యక్షుడు. పటేలు మనుషులు కుర్చీలు విరగ్గొట్టారు కానీ కాగితం మారలేదు. సాయంత్రానికి బస్వమ్మ అల్లం కొమ్మును రామ్‌కిషన్ చేతిలో పెట్టింది. మల్లప్ప తనే పన్నెండు సంచులూ బండికెత్తించి, పొలంలో కంది చల్లుకున్నాడు. ఆదివారం నాడు ఆమె మార్కెట్లో రెండు సంచుల అల్లం కొని తమ్ముడింటికి పట్టుకెళ్లింది. అతను అన్నం పెట్టించాడు, మర్యాద చేశాడు, సంచులు మాత్రం వెనక్కి పంపాడు.

"ఓడింది నేను. నువ్వెందుకు తెస్తవక్కా?"

ఒక్క తిట్టు తిట్టినా ఆమెకు తేలికయ్యేది.

మరుసటి ఏడు అదే కారు మళ్లీ వచ్చింది. ఈరయ్య హోటల్లో అడుగు పెడుతూనే, "ఏమమ్మా, నిరుడు నేను చెప్పింది నిజమాయె గద? వకీలే అని రెండ్రోజుల ముందుగాలనే చెప్పిన," అన్నాడు. మూల బెంచీ మీద మల్లప్ప టీ తాగుతున్నాడు.

"నా పందెం పట్టిన నాటికి నీకు ఎర్కనా అక్కా?"

పందెం పట్టాకే తెలిసిందని అబద్ధమాడటానికి ఒక్క క్షణం చాలు. ఈరయ్య తన తప్పు తెలుసుకుని తల వంచుకున్నాడు. బస్వమ్మ గిన్నె దించి తమ్ముడి ముఖంలోకి చూసింది.

"ఎర్కనే. ఆ పొద్దుగాలనే తెల్సింది."

"నాకు చెప్పకపోతివి."

"చెప్పలే."

మల్లప్ప సగం గ్లాసు వదిలి లేచిపోయాడు. ఆ తర్వాత రెండు నెలలు ఆ గడప తొక్కలేదు. తప్పు చేశానా అని ఆమె ఎన్నోసార్లు తనను తాను ప్రశ్నించుకుంది. చేయలేదనే జవాబు వచ్చేది. ఏడుపు కూడా వచ్చేది.

అంతలో జిల్లా అధ్యక్ష పదవికి పోటీ వచ్చింది. న్యాల్‌కల్ చెరకు రైతులిద్దరు జోడెడ్లు కాసుకుని, ఎవరి దగ్గర పెట్టాలా అని హోటల్ ముందే కొట్లాడుకుంటున్నారు. వాళ్లలో సంగప్ప అనే ఆయన మొండికేశాడు.

"ఈమె దగ్గెర నేను పెట్ట. వచ్చినోళ్లందరు ఈమె చెవులనే ఊదుతరు. తనోళ్లకు చెప్పుకోదా ఏంది?"

బస్వమ్మ ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట అన్నవాడు లేడు.

రోడ్డు మీద బస్సు దిగిన మల్లప్ప ఆ మాట విన్నాడు. తిన్నగా వచ్చి సంగప్ప చేతిలోని గంట తీసుకుని అక్క ముందు పెట్టాడు. నలుగురికీ వినబడేలా అన్నాడు.

"ఫికర్ చెయ్యకు సంగప్పా. నా పన్నెండు సంచుల అల్లం పోతాంటే సూస్కుంట కూసున్నది గని, నాకే చెప్పలే. ఇంకెవలికి చెప్తది?"