ఫ్యూజుకు చుట్టిన వెండి కాగితం

నిన్న షెడ్డులో మెకానిక్, మా బాపు నడిపిన పాత జీపు బానెట్ ఎత్తగానే మాడిన వైరు వాసన గుప్పుమంది.

"అక్కా, ఫ్యూజు పోయింది. సిగరెట్ పెట్టెల కాగితం చుట్టిస్త, ఇంటిదాక పోతది. ఫికర్ చెయ్యకు," అన్నాడు మెకానిక్.

ఆ మాట వినగానే చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది.

కొత్తవాడలో నాతో పెరిగిన దోస్తులారా, సిగరెట్ పెట్టెల్లోని వెండి కాగితాలు ఏరి, గోటితో సాపు చేసి, పుస్తకాల మధ్య దాచుకునేవాళ్లం, గుర్తుందా? ఈ జీపులోనే బాపు మన వాడలో నేసిన జంపఖానాలు రైల్వే స్టేషనుకు చేరవేసేవాడు. ఓ రోజు ఫ్యూజు పోతే నన్నే అడిగాడు.

"బిడ్డా, నీ కాగితం ఒక్కటి ఇయ్యరాదే."

అన్నిటికన్నా మెరిసేది ఏరి ఇచ్చాను. దాన్ని ఫ్యూజుకు చుట్టగానే హారన్ మోగింది. నేను గర్వంగా ముందు సీట్లో కూర్చున్నాను.

స్టేషను చేరకముందే నా కాళ్ల దగ్గర పొగ లేచింది. బాపు జీపు ఆపి, నన్ను కిందికి లాగి, బానెట్ ఎత్తి, బ్యాటరీ వైరు పీకేశాడు. ఆయన అరచేయి బొబ్బలెక్కింది. నా కాగితం వల్లనే ఇదంతా అయిందని ఏడ్చాను.

"నీ కాగితం మంచిదే బిడ్డా. ఫ్యూజు కాలిపోయి వైరును కాపాడాలె. కాగితం చుట్టి దాన్ని కాలనియ్యంది నేనే," అన్నాడు.

అప్పటి నుంచి సీటు కింద రేకు డబ్బాలో ఎప్పుడూ కొత్త ఫ్యూజులు ఉండేవి.

"వద్దు తమ్మీ," అని మెకానిక్‌ను ఆపి, బాపు పోయాక మొదటిసారి ఆ డబ్బా తెరిచాను. గాజు ఫ్యూజులు మూడున్నాయి. వాటి కింద, అంచులు నల్లబడ్డ నా వెండి కాగితం ఉంది.

గోటితో సాపు చేసి ఉంది.