పెట్టెను అడగకుండా కొన్న బోర్డు

గురువారం నాతో హైదరాబాద్ వస్తానన్న చాచా మంగళవారం తెల్లవారకముందే పోయారు. వాళ్లబ్బాయి వచ్చి చెబితే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "మొన్ననే గద నన్ను తిట్టిండు, ఉరుములప్పుడు కంప్యూటర్ తీగె పీకలేదని" అన్నాను. ఆ రోజు పడ్డ పిడుగుకే నా కంప్యూటర్‌లో మదర్‌బోర్డు కాలిపోయింది. ఇంకోటి కొనడానికే ఆ హైదరాబాద్ ప్రయాణం.

రామన్నపేటలో మా టైపు ఇన్‌స్టిట్యూట్ పక్కనే చాచా రేడియో రిపేర్ల దుకాణం. ఆయనతో పని అంటే ప్రాణం విసిగిపోయేది. చిన్న స్క్రూ అడిగినా పాతది తెచ్చి చూపించమనేవారు. సాసర్లో పోసుకున్న చాయ్ అయ్యేదాకా నోరు విప్పేవారు కాదు.

చాలా ఏళ్ల కిందట, టైపుకు ఎవరూ రాక నేను ఇన్‌స్టిట్యూట్ మూసేసే స్థితికి వచ్చిన ఏడాది, బోర్డు చెడిన పాత కంప్యూటర్ ఒకటి దొరికింది. దాన్ని నమ్ముకుని సోమవారం నుంచి క్లాసులని పదకొండు మంది పేర్లు రాసుకున్నాను. చాచా మాత్రం కంప్యూటర్ పెట్టె విప్పి, లోపల న్యూస్‌పేపర్ పరిచి, స్క్రూలు పట్టే గండ్లన్నీ పెన్సిల్‌తో గుర్తు పెడుతూ రెండు రోజులు కూర్చున్నారు.

"పెట్టెను ఎంబడి తీస్కపోదాం బిడ్డా. దాన్ని అడగకుండ బోర్డు కొనద్దు."

"గంత ఇనుప పెట్టెను బస్సుల ఎట్ల మోస్తం చాచా? నలుగురు నవ్వుతరు."

"నవ్వనియ్. గండ్లు కలవాలె, కరెంటు తీగె మూతి కలవాలె, ర్యామ్ పట్టాలె. ఇవన్ని నీకు యాదుంటయా?"

నాకు ఓపిక నశించింది. శుక్రవారం ఆయన నమాజుకు పోయింది చూసి హైదరాబాద్ బస్సెక్కాను. కోఠిలో దుకాణదారు ఇదే అన్నిటికన్నా కొత్తదంటే కొనేశాను.

సాయంత్రం చాచా ఆ బోర్డును తను గుర్తులు పెట్టిన న్యూస్‌పేపర్ మీద పెట్టారు. సగం గండ్లు కలవలేదు. బోర్డుకు ఒకటే వెడల్పాటి మూతి కావాలి, మా పెట్టె తీగెకు విడివిడిగా రెండున్నాయి. తిడతారనుకున్నాను. తాపీగా చాయ్ తాగి, "చూసినవా, పెట్టె ఏమంటాందో" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టినా బాగుండేది.

శనివారం ఆయనే పెట్టెను తువ్వాలలో కట్టి, బస్సులో కిటికీ పక్కన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పైన పెట్టమంటే వినలేదు.

"గదేంది సాబ్, టీవీయా?" అన్నాడు కండక్టర్.

"కాదు. ఈ బిడ్డ బడి."

సిగ్గుతో తల దించుకున్నాను. దుకాణంలో నాలుగో బోర్డు కలిసేదాకా ఒక్కొక్కటీ పెట్టెలో పెట్టించి చూశారు, దుకాణదారు దండం పెట్టాడు. సోమవారం క్లాసు మొదలైంది. ఆ పదకొండు మందీ వచ్చారు. ఆయనకు మాత్రం నేను ఒక్క మంచి మాట చెప్పలేదు, దుకాణంలో నాలుగు గంటలు నిలబెట్టారన్న చిరాకుతో. ఆ తర్వాతా చెప్పలేదు, ఇప్పుడు చెబుదామంటే మనిషి లేడు.

మొన్న గురువారం ఒక్కదాన్నే పోయాను. ఆ పాత న్యూస్‌పేపర్ మడిచి పెట్టెలో పెట్టి, తువ్వాలతో కట్టాను. కండక్టర్ పైన పెట్టమన్నాడు.

"ఒళ్లనే ఉండనియ్" అన్నాను.

బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి. చౌటుప్పల్ దాటేదాకా, చాచా కూర్చోవాల్సిన కిటికీ పక్క సీటులో ఎవరినీ కూర్చోనివ్వలేదు.