డ్రైవరు బరువు డెబ్బై రెండు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతితో మొదలుపెడతాను. జంషెడ్‌పూర్‌లో ఒక రేసు కారు కొలతలు రాసే సెటప్ షీటు మీద, డ్రైవరు బరువు డెబ్బై రెండు కిలోలని నా చేత్తో రాసి సంతకం పెట్టాను. అది అబద్ధమని రాసేటప్పుడే తెలుసు.

మూడేళ్ళ కిందట, వానలు మొదలైన వారంలో, ఆ ఊళ్ళోనే మాంగో అనే పేట వైపు ఒక షెడ్డులో సెటప్ ఇంజనీరుగా చేరాను. చేరింది ఇరవై నాలుగో ఏట, విరమించింది ఇరవై ఏడో ఏట. ఉద్యోగ జ్ఞాపకాలు రాసుకోవడానికి ఆ షెడ్డులో మూడేళ్ళు చాలు. అక్కడ ఉన్నది ఒకటే కారు. దాని యజమాని, డ్రైవరు, టీము అధిపతి ఒక్కరే. అందరం సార్ అనేవాళ్ళం. ఆయన కింద మేనేజరు సిన్హా గారు, సిన్హా గారి కింద నేను, నా కింద మెకానిక్ అప్పలరాజు బాబాయి. బాబాయి కింద కారు.

నా పని ఇది. కారును చదునైన నేల మీద నాలుగు తూకం పలకల మీదికి ఎక్కిస్తాం, చక్రానికొకటి. టైర్లలో గాలి, ట్యాంకులో పెట్రోలు పోటీ నాటి లెక్కకు తెచ్చి, డ్రైవరు సీట్లో ఆయన బరువుకు సమానంగా ఇసుక సంచులు పెడతాం. ఏ చక్రం మీద ఎంత పడుతోందో తెర మీద కనిపిస్తుంది. స్ప్రింగు కింద మరలున్న రింగు ఉంటుంది. దాన్ని స్పానరుతో పైకి తిప్పితే ఆ మూల లేస్తుంది. ఆ చక్రం మీదా, ఐమూలగా ఉన్న చక్రం మీదా బరువు పెరుగుతుంది, మిగతా రెండింటి మీద తగ్గుతుంది. మొత్తం మాత్రం మారదు. ఆఫీసులో ఒకరి కుర్చీ ఎత్తు పెంచినప్పుడు జరిగేదీ ఇదే కనుక నాకు త్వరగానే పట్టుబడింది.

రెండో కొలత, కారు అడుగుకూ నేలకూ మధ్య ఎత్తు. ఎంత తక్కువుంటే మలుపుల్లో అంత నిలకడ. అయితే డ్రైవరు కూర్చున్నాక అరవై మిల్లీమీటర్ల దిమ్మ కారు కింద ఎక్కడా తగలకుండా జారాలని నిబంధన. మేం అరవై ఒకటి ఉంచేవాళ్ళం.

నేను చేరాక జరిగిన మొదటి పోటీలో ఆ దిమ్మ కుడివైపు ఇరుక్కుంది. సార్‌కు వచ్చిన స్థానం రద్దయింది. తిరిగొచ్చాక సమావేశం పెట్టి, రింగు తప్పు తిప్పారని తేల్చారు. తిప్పింది బాబాయి. కాంట్రాక్టు మనిషి, షెడ్డు తెరిచిన నాటి నుంచీ ఉన్నవాడు.

“ఔర్ ఏక్ బార్ హువా, తో ఛుట్టీ” అన్నారు సిన్హా గారు. ఇంకోసారి జరిగితే ఇంటికే అని.

బయటికొచ్చాక బాబాయి నాతో, “నువ్ సెప్పినన్ని సుట్లే తిప్పాను పాపా. ఇనుమేటి, రైల్లో పోతా పోతా కుంగిపోనాదా?” అన్నాడు.

మరుసటి వారం సార్ ఫొటో కోసం హెల్మెట్ పెట్టుకుని వచ్చారు. పలకల మీదున్న కార్లోనే కూర్చున్నారు. ఖాళీ కారు తూకం అంతకు ముందే చూసి ఉన్నాను. తీసివేస్తే తొంభై వచ్చింది, మేం పెట్టే సంచుల కన్నా పద్దెనిమిది ఎక్కువ. తెర నావైపే తిరిగి ఉంది. దాన్ని ఆపేసి, ఆ తొంభైని డైరీలో రాసుకున్నాను.

సార్ బరువు మళ్ళీ ఒకసారి చూద్దామా అన్న వాక్యాన్ని డైరీలో రెండు రోజులు సాధన చేసి సిన్హా గారి ముందు పలికాను.

“సర్ నే బహత్తర్ బోలా హై, తో బహత్తర్ హై” అన్నారాయన. డెబ్బై రెండని సారే చెప్పారు, ఇంకేముంది? డ్రైవరు వివరాల ఫారం సార్ స్వహస్తాలతో నింపినది. మార్చాలంటే మళ్ళీ సారే సంతకం పెట్టాలి. అది నింపిన ఏడు సార్‌కు నెత్తిమీద ఒత్తుగా జుట్టుండేదని బాబాయి చెప్పాడు.

మా సంచి ఒక్కొక్కటి తొమ్మిది కిలోలు. డెబ్బై రెండుకు ఎనిమిది. తర్వాతి పోటీకి కారు పంపే రోజు అందరికన్నా ముందు షెడ్డుకు వెళ్ళి, మరో రెండు సంచులు పెడళ్ళ దగ్గర గోనెపట్టా కింద పెట్టాను. బాబాయి వచ్చాడు. నేను అంకెలు చదివాను, ఆయన రింగులు తిప్పాడు. నాలుగు మూలలా అరవై ఒకటి వచ్చింది. షీటు మీద డెబ్బై రెండు రాశాను. నలుగురం వరసగా సంతకాలు పెట్టాం.

దిమ్మ జారింది. సార్ మూడో స్థానంలో వచ్చారు. బాబాయి ఉద్యోగం నిలిచింది.

సమావేశంలో సార్, అంకెను అనుమానించే వాళ్ళు ఈ రంగంలో పైకి రాలేరని హిందీలో అరగంట చెప్పారు. సిన్హా గారు ‘డ్రైవరు బరువు: 72 కిలోలు’ అని పెద్ద అక్షరాలతో బోర్డు చేయించారు. తూకం పలకల పైన దానికి మేకు కొట్టే గౌరవం నాకు దక్కింది. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ ప్రతి పోటీకీ షీటు మీద ఎనిమిది సంచులు, కార్లో పది.

తూకం యంత్రం అబద్ధమాడదు గానీ, దాని తెర ఎవరివైపు తిరిగి ఉందో చూసుకోవాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. అసలు కొలతను డైరీలో దాచినందువల్ల ఒక మనిషి ఉద్యోగం నిలిచింది, తప్పుడు ఫారమూ నిలిచింది. రెండోది నా పనే.

బిష్టుపూర్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పే పని దొరికి మానేశాను. ఆఖరి రోజు బాబాయి సైకిలు నడిపించుకుంటూ గేటు దాకా వచ్చాడు.

“ఎల్లు పాపా, మంచి ఉజ్జోగం. గానీ సార్‌కి ఇప్పుడు సీటు బెల్టు కూడా అందట్లేదు. పదకొండో సంచి ఎవులెడతారు?”